ఆర్‌ఏ ఉంటే ఆయుష్షు తగ్గుతుందా? (ప్రసంగ పాఠం)

రికార్డింగ్ విని టైప్ చేసింది. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు. సరే, మొదలుపెడతాను.

ఇవాళ మాట్లాడబోయే ప్రశ్న ఉంది చూశారూ, దీన్ని డాక్టరు ముందు కూర్చుని అడిగేవాళ్ళు చాలా తక్కువ. నొప్పి ఎప్పుడు తగ్గుతుంది అని అడుగుతారు, మందులు జీవితాంతం వాడాలా అని అడుగుతారు, మా అమ్మాయికి కూడా వస్తుందా అని అడుగుతారు. ఇది మాత్రం అడగరు. ఇంటికెళ్ళి ఫోన్లో వెతుక్కుంటారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే మనం ఆర్‌ఏ అనే కీళ్ళవాపు జబ్బు, ఉన్నవాళ్ళు ఎన్నేళ్ళు బతుకుతారు? అంతే కదా? నవ్వుతున్నారంటే వెతికినవాళ్ళు ఇక్కడే ఉన్నారన్నమాట. తప్పేం లేదండి, ఎవరికైనా వచ్చే అనుమానమే. మీరు అడిగేంత చనువు ఇవ్వడం మా డాక్టర్లకే చేతకాలేదు.

వెతికితే ఏం వస్తుంది? ఒకచోట 10 ఏళ్ళు తగ్గుతుంది అని ఉంటుంది. ఇంకోచోట 3 నుంచి 10 ఏళ్ళు. మరోచోట అసలేం తగ్గదు, అంతా మామూలే అని. ఏది నిజం? ఆ అంకెలు గాల్లోంచి పుట్టినవి కావు, ఎవరో ఒకళ్ళని చూసి లెక్కేసినవే, కానీ ఎవర్ని చూసి, ఎప్పుడు చూసి అని అడక్కుండా ఆ అంకె తెచ్చి మన నెత్తిన పెట్టుకుంటే లేనిపోని భయమన్నా వస్తుంది, లేనిపోని ధీమా అన్నా వస్తుంది. రెండూ చేటే.

ముందు చేదు మాట చెప్పేస్తాను. ఆర్‌ఏ ఉన్నవాళ్ళ సగటు ఆయుష్షు మిగతావాళ్ళకంటే తక్కువే. ఇది కొత్త సంగతి కాదు, 1953లోనే అమెరికాలో దీని మీద పేపరు వచ్చింది. అప్పట్లో కీళ్ళ జబ్బంటే మనిషిని మంచాన పడేస్తుంది గానీ ప్రాణం తియ్యదు అనుకునేవాళ్ళు. తర్వాత 1980లలో థియోడర్ పింకస్ అనే డాక్టరు వేరే రకంగా చూపించాడు. ఆర్‌ఏ బాగా ముదిరి, బట్టలు తొడుక్కోవడం, లేచి నాలుగడుగులు వెయ్యడం కూడా కష్టమైపోయినవాళ్ళు వచ్చే ఐదేళ్ళలో బతికుండే అవకాశం, గుండెకెళ్ళే మూడు రక్తనాళాలూ పూడుకుపోయినవాళ్ళతో సమానంగా ఉందని. 1994లో అమెరికా, కెనడాల్లోని నాలుగు సెంటర్ల నుంచి మూడున్నర వేల మంది లెక్క వచ్చింది. మామూలు జనంలో ఎంతమంది చనిపోతారని అంచనా ఉంటుందో, వీళ్ళలో దానికి రెట్టింపుకి పైనే.

భయమేసిందా? ఆగండి. ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుదాం. ఆ మూడున్నర వేల మంది ఎవరు? వాళ్ళకి జబ్బు ఎప్పుడొచ్చింది? చాలామందికి 1960లలో, 1970లలో. అప్పుడు వైద్యం ఏంటి? ఆస్పిరిన్, విశ్రాంతి, బంగారం ఇంజెక్షన్లు. అవునండీ, నిజంగా బంగారం లవణాలే, ఎగతాళి కాదు. అదీ వెంటనే ఇచ్చేవాళ్ళు కాదు, ముందు చిన్న మందులతో చూద్దాం, ఎముక తిన్నట్టు ఎక్స్‌రేలో కనిపిస్తే అప్పుడు గట్టి మందు ఇద్దాం అని కూర్చునేవాళ్ళు. ఎక్స్‌రేలో కనిపించాక ఇంకేముంది, జరగాల్సింది సగం జరిగిపోయినట్టే కదా? ఇప్పుడు జబ్బుని అణచడానికి వాడే అసలు మందు మెథోట్రెక్సేట్‌కి ఆర్‌ఏ కోసం అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో. ఎటానెర్‌సెప్ట్ లాంటి బయలాజిక్ మందులు, అంటే వాపు పుట్టించే పదార్థాల్ని సూటిగా అడ్డుకునే ఇంజెక్షన్లు, 1998 తర్వాత. అంటే మీరు ఫోన్లో చూసే ఆ 10 ఏళ్ళు అనే అంకె ఎక్కువగా ఈ మందులు లేని కాలం మనుషులది.

ఇంకో తిరకాసు కూడా ఉంది, దీన్ని కొంచెం శ్రద్ధగా వినండి. ఎన్నేళ్ళు బతికారు అని లెక్క తేలాలంటే ఆ మనుషులు చనిపోవాలి. ఇవాళ 35 ఏళ్ళ అమ్మాయికి ఆర్‌ఏ అని తేలితే, ఆమె ఎంతకాలం బతికిందో తెలియడానికి యాభై ఏళ్ళు పట్టొచ్చు. అప్పటిదాకా ఆమెకి మనం చూపించే అంకె వేరేవాళ్ళది, పాత కాలంలో పాత వైద్యం తీసుకున్నవాళ్ళది. కాబట్టి ఆయుష్షు అంకె ఎప్పుడూ పాతదే అయ్యుంటుంది. అది ఎవరి తప్పూ కాదు.

మరి కొత్త లెక్కలు ఏమంటున్నాయి? కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం మొత్తాన్ని తీసుకుని 2017లో ఒక పేపరు వచ్చింది. 1996 నుంచి 2000 మధ్య జబ్బు బయటపడ్డవాళ్ళని ఒక గుంపుగా, 2001 నుంచి 2006 మధ్య బయటపడ్డవాళ్ళని ఇంకో గుంపుగా పెట్టి, మొదటి ఐదేళ్ళు ఎలా ఉన్నారని చూశారు. మొదటి గుంపులో మరణాలు మామూలు జనం కంటే ఎక్కువున్నాయి. రెండో గుంపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. బావుంది కదా? కానీ అది ఐదేళ్ళ మాట. ఇరవై ఏళ్ళ తర్వాత సంగతి దాన్నిబట్టి చెప్పెయ్యకూడదు. ఎందుకంటే ఇంకోవైపు అమెరికాలో నర్సుల మీద 1976 నుంచి నడుస్తున్న పెద్ద స్టడీ ఉంది, లక్షకి పైగా నర్సులు అందులో. దశాబ్దాల తరబడి చూస్తే ఆర్‌ఏ ఉన్న నర్సుల్లో మరణాలు మిగతా నర్సులకంటే దాదాపు 40 శాతం ఎక్కువ అని 2016లో చెప్పారు. అంటే తేడా తగ్గుతోంది, మాయమవ్వలేదు. ఇదీ నా అభిప్రాయం, చదివినవాటన్నిటినీ కలిపి చూస్తే.

ఆ 40 శాతం అనగానే ముందు వరసలో ఒకాయన మొహం మారిపోయింది, చూశాను. 40 శాతం ఎక్కువంటే ఆయుష్షులో 40 శాతం కోసేసినట్టు కాదండి. ఉదాహరణకే అనుకోండి, ఏదో ఒక వయసులో వెయ్యిమందిలో ఏడాదికి 10 మంది చనిపోతారనుకుంటే, ఆర్‌ఏ ఉన్న వెయ్యిమందిలో 14 మంది. అదీ 40 శాతం అంటే. మిగతా 986 మంది ఆ ఏడాది దాటేశారు. వార్తల్లో ఈ వివరం రాయరు, శాతం ఒక్కటే రాస్తారు, మనం హడలిపోతాం.

పైగా సగటు అన్నాక అందులో అందరూ ఉంటారు. డోరతీ హాడ్జ్‌కిన్ పేరు విన్నారా? పెన్సిలిన్, బి12, ఇన్సులిన్ల నిర్మాణం ఎలా ఉంటుందో తేల్చిన శాస్త్రవేత్త, 1964లో కెమిస్ట్రీ నోబెల్. ఆవిడకి 24 ఏళ్ళకే ఆర్‌ఏ. వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. 84 ఏళ్ళు బతికింది. చిత్రకారుడు రెన్వార్, ఆయనకి 50 దాటాక వచ్చింది, 78 ఏళ్ళకి 1919లో పోయాడు, ఏ మందూ లేని రోజుల్లో. 1967లో ప్రపంచంలో మొట్టమొదటి గుండె మార్పిడి చేసిన క్రిస్టియాన్ బర్నార్డ్‌కి ఆ ఆపరేషన్ నాటికే ఆర్‌ఏ ఉంది, చేతులు సహకరించక 1983లో సర్జరీలు మానేశాడు, ఆయనా 78 దాకా ఉన్నాడు. ఇవి విని ఓహో మనకేం కాదులే అనుకుంటారేమో, అందుకు చెప్పలేదు. ముగ్గురు గొప్పవాళ్ళని చూపించి ఏదీ నిరూపించలేం. 50 ఏళ్ళకే పోయినవాళ్ళ పేర్లు మనకి తెలీవు కదా, వాళ్ళు పుస్తకాల్లోకి ఎక్కరు. సగటుకి అటూ ఇటూ మనుషులు ఎంత దూరం పరుచుకుని ఉంటారో చూపించడానికి చెప్పాను.

ఏమ్మా, మీరేదో అడగబోతున్నారు? అడగండి. ఆ, వినపడని వాళ్ళకి నేను మళ్ళీ చెప్తాను. ఆవిడ అడిగేదేంటంటే, "నాకు పదిహేనేళ్ళుగా ఉంది, ఇప్పుడు 60 దాటాయి, మరి నా సంగతేంటి, ఉజ్జాయింపుగానైనా చెప్పండి" అని. అమ్మా, అంకె చెప్పను. దాచిపెట్టి కాదు. మీ అంకె అని ఒకటి ఎక్కడా రాసి లేదు. కానీ మీరు ప్రశ్నని కొంచెం మార్చి అడిగితే నా దగ్గర చాలా జవాబులున్నాయి. ఎన్నేళ్ళు అని కాకుండా, దేనివల్ల అని అడగండి. ఆర్‌ఏ ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే ముందుగా పోతే, దేనివల్ల పోతున్నారు? అక్కడే ఉంది మొత్తం కథ.

కీళ్ళ వాపుతో ఎవరూ చనిపోరు కదా. మరణ ధ్రువీకరణ పత్రం మీద ఆర్‌ఏ అనే మాట చాలాసార్లు ఉండనే ఉండదు. గుండెపోటు అని ఉంటుంది, న్యుమోనియా అని ఉంటుంది. అందుకే చాలాకాలం ఎక్కువమంది ఆర్‌ఏనీ ఈ మరణాలనీ కలిపి చూడలేదు.

మొదట గుండె. దీనికే ఎక్కువ టైమ్ తీసుకుంటాను, ఎందుకంటే పెద్ద వాటా దీనిదే. ఆర్‌ఏ ఉన్నవాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు దాదాపు 50 శాతం ఎక్కువ అని ఎన్నో స్టడీలని కలిపి 2008లో లెక్కకట్టారు. ఎందుకు? మన ఇమ్యూనిటీ పొరపాటున మన కీళ్ళ పొర మీదే దాడి చేస్తుంది, అప్పుడు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు పుట్టించే పదార్థాలు పుట్టుకొస్తాయి, వాటివల్లే కీలు వాచేది. అవి కీలు దగ్గరే కూర్చోవు కదా, రక్తంలో ఒళ్ళంతా తిరుగుతాయి. రక్తనాళాల లోపలి పొర కూడా వాటికి లోకువే. అక్కడ కొవ్వు పేరుకోవడం, ఆ పేరుకున్న పొర పగలడం, గడ్డ కట్టడం, అన్నీ తొందరపడతాయి. మీ వేళ్ళు పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోయాయంటే ఆ రాత్రంతా మీ గుండె రక్తనాళాలు కూడా అదే మంటలో ఉన్నట్టు లెక్క. దీన్ని గుర్తుపెట్టుకోండి. నొప్పి మాత్ర వేసుకుంటే వేళ్ళ నొప్పి తగ్గుతుంది, లోపలి మంట తగ్గదు.

ఇక్కడో చిక్కు ఉంది. ఆర్‌ఏ బాగా రేగి ఉన్నప్పుడు రక్తపరీక్ష చేస్తే కొలెస్టరాల్ తక్కువ కనిపిస్తుంది. పేషెంటు సంతోషం, చూసిన డాక్టరూ సంతోషం, బ్రహ్మాండంగా ఉంది పొమ్మంటాడు. కానీ ఇన్‌ఫ్లమేషన్, అదే ఆ లోపలి మంట, దానివల్లే ఆ కొలెస్టరాల్ పడిపోయింది, ముప్పు తగ్గి కాదు, ముప్పు ఎక్కువున్నప్పుడే అది తక్కువ కనిపిస్తోంది. మందులు పనిచేసి జబ్బు అణిగాక కొలెస్టరాల్ కొంచెం పెరుగుతుంది, అప్పుడేమో మందువల్లే పెరిగిందని మందు ఆపేస్తారు! ఎంత తారుమారో చూశారా? అందుకే జబ్బు అదుపులో ఉన్నప్పుడు చేయించిన కొలెస్టరాల్ పరీక్షనే నమ్మండి. ఇంకోటి, మామూలు జనం కోసం తయారుచేసిన గుండె ముప్పు లెక్కలు ఉంటాయి, వయసు, బీపీ, సిగరెట్లు అన్నీ వేస్తే పదేళ్ళలో ఇంత శాతం అని చెప్పేవి. అవి మనకి తక్కువ చూపిస్తాయి. యూరప్ కీళ్ళ వైద్యుల సంఘం యూలార్ ఏం చెప్పిందంటే, ఆ లెక్కలో ఆర్‌ఏ గురించి అడగకపోతే వచ్చిన అంకెని 1.5తో గుణించండి అని. నాలుగు వస్తే ఆరు అనుకోవాలి. అంతే, చిన్న లెక్క, కానీ ఎంతమంది చేస్తున్నారు?

ఇంకా ఉంది. ఆర్‌ఏ ఉన్న మనవాళ్ళలో గుండెపోటు చప్పుడు చెయ్యకుండా వచ్చిపోవడం ఎక్కువ. అమెరికాలో రాచెస్టర్ అనే ఊళ్ళో దశాబ్దాల మెడికల్ రికార్డులు తిరగేసి చూస్తే, ఆర్‌ఏ ఉన్నవాళ్ళు ఛాతీనొప్పి అని చెప్పడం తక్కువ, తర్వాతెప్పుడో ఈసీజీలో పాత గుండెపోటు బయటపడటం ఎక్కువ. ఒళ్ళంతా నొప్పులున్న మనిషికి ఇంకో నొప్పి లెక్కలోకి వస్తుందా చెప్పండి? భుజం లాగితే ఆర్‌ఏ అనుకుంటారు, ఆయాసం వస్తే నీరసం అనుకుంటారు, నీరసమైతే ఎప్పుడూ ఉండేదే. కాబట్టి ఇంతకుముందు లేని ఆయాసం గానీ, నడిస్తే వచ్చి కూర్చుంటే పోయే భుజం నొప్పి, దవడ నొప్పి గానీ ఉంటే దయచేసి దాన్ని కీళ్ళ ఖాతాలో వెయ్యొద్దు.

అదే రాచెస్టర్ నుంచి 2007లో ఇంకో లెక్క వచ్చింది, నన్ను బాగా ఆలోచింపజేసింది అది. దశాబ్దాల పాటు చూస్తే ఊళ్ళో మామూలు జనంలో మరణాలు తగ్గుతూ వచ్చాయి, ఆర్‌ఏ ఉన్నవాళ్ళలో తగ్గలేదు. అంటే వీళ్ళు అధ్వాన్నం అవ్వలేదు, మిగతావాళ్ళంతా ముందుకెళ్ళిపోయారు, వీళ్ళు ఉన్నచోటే ఉండిపోయారు. మిగతావాళ్ళ ఆయుష్షు దేనివల్ల పెరిగింది? బీపీ మందులు, కొలెస్టరాల్ మందులు, సిగరెట్ మానడం, ఇవన్నీ కలిసి. మరి ఆ మేలు మనవాళ్ళకి పూర్తిగా ఎందుకు అందలేదు? కారణాలు చాలా ఉండొచ్చు, నాకు మాత్రం ఒకటి రోజూ కళ్ళముందు కనిపిస్తుంది. గుండె డాక్టరుకి కీళ్ళు పట్టవు, కీళ్ళ డాక్టరుకి గుండె పట్టదు. మా వాళ్ళని కలిపే అంటున్నాను, దాపరికం ఏం లేదు. ఆర్‌ఏ పేషెంటు లోపలికి రాగానే అందరి చూపూ చేతులమీదే. బీపీ చూసినా అది 150 ఉందనుకోండి, నొప్పి వల్ల పెరిగిందిలే అంటారు. ఫ్యామిలీ డాక్టరేమో ఆమెకి స్పెషలిస్టు ఉన్నారు కదా, వాళ్ళు చూస్కుంటారులే అనుకుంటాడు. మధ్యలో ఆ బీపీ ఎవరిది? ఎవరిదీ కాదు. మీదే. మీరే అడగాలి. ఈసారి వెళ్ళినప్పుడు, నా బీపీ, షుగర్, కొలెస్టరాల్ ఎవరు చూస్తున్నారు అని సూటిగా అడగండి. ఎవరో ఒకరి పేరు చెప్పేదాకా లేవొద్దు.

ఇప్పుడు నొప్పి మాత్రలు, స్టెరాయిడ్ల సంగతి. నొప్పి మాత్రలతో గుండెకి ముప్పు ఉందని అందరికీ గట్టిగా తెలిసొచ్చింది 2004లో, రోఫెకాక్సిబ్ అనే మందుని గుండెపోట్ల కారణంగా మార్కెట్లోంచి వెనక్కి తీసుకున్నప్పుడు. ఇప్పుడున్నవాటిల్లోనూ చాలావాటికి ఎంతో కొంత ఆ గుణం ఉంది. తప్పనిసరైతే తక్కువ డోసు, తక్కువ రోజులు. రోజూ మింగాల్సి వస్తోందంటే అసలు మందు సరిపోవట్లేదని అర్థం, ఆ మాట డాక్టరుకి చెప్పాలి.

స్టెరాయిడ్ మాత్రం వేరే కథ. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు మొదటిసారి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు, మంచం దిగలేని మనిషి రోజుల్లో లేచి తిరిగింది. 1950కల్లా నోబెల్ వచ్చేసింది, ఇంత తొందరగా నోబెల్ రావడం అరుదు. తర్వాత తెలిసింది దాని రెండో మొహం. షుగర్, బీపీ, ఎముకలు గుల్లబారడం, ఇన్‌ఫెక్షన్లు. డోసు పెరిగేకొద్దీ, ఏళ్ళు గడిచేకొద్దీ ముప్పు పెరుగుతుంది. 65 దాటినవాళ్ళకి రోజుకి 5 మిల్లీగ్రాములే రెండేళ్ళు ఇచ్చి చూసిన ట్రయల్ 2022లో వచ్చింది. జబ్బు బాగా అణిగింది, అది కూడా చెప్పాలి, కానీ ఇబ్బందులు, ముఖ్యంగా ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. నేను స్టెరాయిడ్ రాయనని కాదు, రాస్తాను, అసలు మందు పనిచెయ్యడం మొదలుపెట్టేదాకా. గొడవ ఎక్కడంటే, ఎవరో మూడు వారాలకి రాసిచ్చిన చీటీ పట్టుకుని మూడేళ్ళు కొనుక్కుని వాడేవాళ్ళతో. హాయిగా ఉంది కదా అని. ఇది విని రేపట్నుంచి టక్కున మానెయ్యకండి! అది ఇంకా ప్రమాదం. చాలాకాలం వాడితే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోయి ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే మనిషి కుప్పకూలొచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా దింపాలి.

ఊపిరితిత్తులకి వద్దాం. ఇందాక నర్సుల స్టడీ చెప్పాను కదా, అందులో తేడా బాగా కనిపించింది ఊపిరితిత్తుల జబ్బుల మరణాల్లోనే. ఆర్‌ఏ ఉన్న ప్రతి పదిమందిలో ఒకరికి అటూఇటూగా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, ఐఎల్‌డీ అంటాం, బయటపడేంతగా వస్తుంది. ఆయుష్షుని గట్టిగా దెబ్బతీసేది ఇదే. మగవాళ్ళలో, సిగరెట్ తాగేవాళ్ళలో, ఆర్‌ఏ రక్తపరీక్షలో చూసే యాంటీ సీసీపీ అనే యాంటీబాడీ ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఎక్కువ. పొడి దగ్గు వారాల తరబడి తగ్గకపోతే, మెట్లెక్కితే ఆయాసం కొత్తగా వస్తే సీటీ స్కాన్ దాకా వెళ్ళాల్సిందే, మామూలు ఎక్స్‌రేలో మొదట్లో పట్టుబడదు. మెథోట్రెక్సేట్ వల్లే ఊపిరితిత్తులు గట్టిపడతాయని చాలాకాలం అనుకున్నాం. అరుదుగా కొందరికి ఉన్నట్టుండి ఊపిరితిత్తుల వాపు తెస్తుంది, అది నిజం, కానీ ఈ మెల్లగా ముదిరే ఐఎల్‌డీకి దాన్ని దోషిగా నిలబెట్టే ఆధారం ఇప్పుడు లేదు.

సిగరెట్ గురించి ఒక్క మాటే చెప్తాను, ఎందుకంటే తాగేవాళ్ళు వినరు, తాగనివాళ్ళకి అక్కర్లేదు. ఆర్‌ఏ రావడానికీ అదొక కారణం, వచ్చాక మందులు సరిగ్గా పనిచెయ్యకపోవడానికీ కారణం, గుండెకీ కారణం, ఊపిరితిత్తులకీ కారణం. గోరుచుట్టు మీద రోకలిపోటు. మానేసినవాళ్ళలో ఏళ్ళు గడిచేకొద్దీ మరణాల ముప్పు తగ్గడం కనిపించింది, కాబట్టి ఇప్పటికే పాడైపోయింది కదా అని వదిలెయ్యకండి.

ఇన్‌ఫెక్షన్లు. ఆర్‌ఏ ఉంటే సీరియస్ ఇన్‌ఫెక్షన్ల ముప్పు దగ్గర దగ్గర రెట్టింపు. కొంత జబ్బు వల్ల, కొంత మందుల వల్ల, అందులో స్టెరాయిడ్ పాత్ర పెద్దది. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా, షింగిల్స్ టీకా, వీటి గురించి అడగండి, వీలైతే గట్టి మందులు మొదలెట్టకముందే. లైవ్ టీకాలు, అంటే బతికున్న క్రిముల్ని బలహీనం చేసి తయారుచేసినవి, మాత్రం డాక్టరుని అడక్కుండా వద్దు. బయలాజిక్స్ ముందు టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు ఎందుకు చేయిస్తారో ఇప్పుడు అర్థమైంది కదా, బిల్లు పెంచడానికి కాదు. స్టెరాయిడ్, బయలాజిక్ వాడుతున్నవాళ్ళకి ఒంట్లో పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం పెద్దగా రాకపోవచ్చు, అదీ గమనించుకోండి.

కేన్సర్ గురించి మీ మనసులో ఉంటుంది, క్లుప్తంగా చెప్పేస్తాను. లింఫోమా అనే రక్తసంబంధమైన కేన్సర్ ఆర్‌ఏలో కొంచెం ఎక్కువ, దాదాపు రెట్టింపు, కానీ అది అసలే అరుదు కాబట్టి రెట్టింపైనా అరుదే. అందరూ మందుల్ని అనుమానిస్తారు. స్వీడన్‌లో 2006లో చూస్తే, ఏళ్ళ తరబడి జబ్బు తీవ్రంగా రగిలినవాళ్ళలోనే లింఫోమా బాగా ఎక్కువ. అంటే భయపడి మందు మానేస్తే, దేనికి భయపడ్డామో దాన్నే పిలిచినట్టు. టోఫాసిటినిబ్ లాంటి జాక్ మందులకి, అంటే ఆర్‌ఏకే ఇచ్చే ఇంకో రకం మాత్రలకి, మాత్రం ఒక హెచ్చరిక ఉంది, 50 దాటి గుండె ముప్పు ఉన్నవాళ్ళలో టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే బయలాజిక్ మందులతో పోలిస్తే గుండెపోట్లు, కేన్సర్లు ఎక్కువ కనిపించాయి, 2022లో వచ్చిన ట్రయల్ అది. ఆ గుంపులో ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడుకోండి. ఇక కిడ్నీల్లో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకోవడం, మెడ పైఎముకలు జారడం, ఇవి పూర్వం ఎక్కువ, ఇప్పుడు తగ్గాయి. కాకపోతే పాత ఆర్‌ఏ ఉన్నవాళ్ళకి ఏ ఆపరేషన్ అయినా మత్తు డాక్టరుకి మెడ సంగతి ముందే చెప్పండి.

సరే, ఇన్ని భయాలు చెప్పాను. ఆయుష్షు పెంచుతుందని కాస్త గట్టిగా చెప్పగలిగే మందు ఏదైనా ఉందా? ఉంది, అదీ జనం ఎక్కువగా భయపడే మందు. మెథోట్రెక్సేట్. 2002లో అమెరికాలో పన్నెండు వందల మందికి పైగా పేషెంట్లని ఏళ్ళ తరబడి గమనించిన స్టడీ వచ్చింది, ఆ మందు వాడినవాళ్ళలో మరణాలు వాడనివాళ్ళకంటే 60 శాతం తక్కువ. చీటీలు తీసి పంచి చేసిన ట్రయల్ కాదు అది, అంచేత ఆ 60ని అక్షరాలా పట్టుకోకూడదు, కానీ బాగా జబ్బున్నవాళ్ళకే ఆ మందు ఎక్కువ ఇచ్చారు, అయినా వాళ్ళే ఎక్కువ బతికారు. ఎందుకంటే లోపలి మంట ఆరింది. ఇంటికెళ్ళి మందు కాగితం చదివి, కేన్సర్ మందంట అని మానేసేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకి చెప్పండి, కేన్సర్‌కి వందలు, వేల మిల్లీగ్రాములు ఇస్తారు, మనకి వారానికి 7.5 నుంచి 25.

వారానికి అన్నాను. వారానికి ఒక్కరోజు. మళ్ళీ చెప్తున్నాను, వారానికి ఒక్కరోజు! పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోయినవాళ్ళున్నారు, ఇన్ని దేశాల్లో ఇన్నేళ్ళుగా హెచ్చరికలు వస్తున్నా ఇంకా జరుగుతోంది. వారంలో ఏ రోజో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి, దానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్ ఎప్పుడో కూడా రాయించుకోండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి. లివర్, రక్తకణాల పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకి చేయించండి. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళు ఈ మందు వాడకూడదు, అది ముందే మాట్లాడాలి.

ఒంటి బరువు గురించి కూడా చెప్పాలి, ఇది చాలామందికి తెలీదు. లావు తగ్గమని అందరూ చెప్తారు, అది నిజమే, కానీ ఆర్‌ఏలో ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోయి బక్కచిక్కినవాళ్ళ గురించి నాకు ఎక్కువ బెంగ. జబ్బు కండని తినేస్తుంది. అలాంటివాళ్ళలో మరణాల ముప్పు ఎక్కువని కనిపించింది. ఇంకో విచిత్రం, మీరు ఎన్నాళ్ళు ఉంటారో చెప్పడంలో ఎక్స్‌రే కంటే, రక్తపరీక్ష కంటే కూడా మామూలు ప్రశ్నలు బాగా పనిచేస్తాయి. జుట్టు మీరే దువ్వుకోగలరా, కుళాయి తిప్పగలరా, కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేవగలరా? ఇవే. పింకస్ చూపించింది ఇదే. కాబట్టి విశ్రాంతి తీసుకోండి అని పాతకాలంలో చెప్పిన సలహా మర్చిపోండి. జబ్బు అణిగాక నడవండి, కండ పెరిగే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక ప్రశ్న తీసుకుంటాను. ఆ, మీరండి, నీలం చొక్కా. "జబ్బు పూర్తిగా అణిగిపోయింది, ఏడాదిగా ఏ వాపూ లేదు, మందులు ఆపేస్తే ఏమవుతుంది?" మంచి ప్రశ్న. మొత్తం ఒకేసారి ఆపేస్తే చాలామందికి తిరగబెడుతుంది, కొందరికి నెలల్లోనే. మళ్ళీ అదే మందు మొదలుపెడితే ఎక్కువమందికి అణుగుతుంది గానీ అందరికీ అణగదు. డోసు తగ్గించడం వేరు, ఆపడం వేరు. మొదట స్టెరాయిడ్ పూర్తిగా పోవాలి, ఆ తర్వాత బయలాజిక్ ఉంటే దాన్ని తగ్గించడం లేదా రెండు డోసుల మధ్య ఎడం పెంచడం, అన్నిటికంటే చివర్న మెథోట్రెక్సేట్ జోలికి వెళ్ళడం, నేనైతే ఆ వరసలో వెళ్తాను. తగ్గించినప్పుడు మూడు నెలలకోసారైనా చూపించుకోవాలి, ఏ వాపూ లేకపోయినా సరే, ఒంట్లో మంట ఎంతుందో చూపించే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించుకుని రావాలి. మీది ఏ మందండి? మెథోట్రెక్సేట్ ఒక్కటేనా? అయితే కిందకి దిగాక మీ రిపోర్టులు చూపించండి, డోసు ఎంతో చూసి మాట్లాడదాం.